హోల్స్ట్ ‘సావిత్రి’, ఋగ్వేద గీతాలు: ఆయనకు సంస్కృతం ఎంత వచ్చు, ఆ పాటల్లో మన సంగీతం ఎంత?

హనుమకొండ తెలుగు టీచర్:

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్తాను. చిన్నప్పుడు మూడేళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను తప్ప పాశ్చాత్య సంగీతంలో నాకు ప్రవేశం లేదు. పోయిన సెలవుల్లో మా చెల్లెలి కొడుకు వచ్చి, గుస్తావ్ హోల్స్ట్ అనే ఇంగ్లండు స్వరకర్త రాసిన ‘ది ప్లానెట్స్’ వినిపించాడు. అంగారకుడి భాగం మొదలైన రెండు నిమిషాలకు మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ‘ఇదేం పాటరా, గూడ్సు బండి ఇంట్లోకి వస్తున్నట్టుంది’ అన్నది. ఆ మనిషి గురించి చదువుతూ పోతే, ఆయనే 1908లో సావిత్రి కథను ఆపెరాగా, అంటే పాటలతో నడిచే నాటకంగా, రాశాడనీ, ఋగ్వేద సూక్తాలకూ కాళిదాసు మేఘసందేశానికీ కూడా సంగీతం కట్టాడనీ తెలిసి ఆశ్చర్యపోయాను.

ఇంతలో ఒక సభకు వెళ్తే అక్కడ ఒక వక్త కూడా ఆయన పేరు ఎత్తారు. హోల్స్ట్ గొప్ప సంస్కృత పండితుడనీ, వేదస్వరాలను ఉన్నవి ఉన్నట్టుగా పాశ్చాత్య వాద్యాల మీదికి దించాడనీ, నవగ్రహాల మీద భక్తితోనే గ్రహాల సంగీతం రాశాడనీ చెప్పారు. చప్పట్లు బాగానే మోగాయి కానీ నాకు మాత్రం నమ్మకం కలగలేదు. నేను విన్న ముక్కలో నాకు తెలిసిన స్వరం ఒక్కటీ తగలలేదు.

తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పీరియడ్, అంటే నలభై నిమిషాలు, ఈయన గురించి చెప్పి కొంత వినిపించాలని ఉంది. తప్పు చెప్పకూడదు కనుక అడుగుతున్నాను. ఆయనకు సంస్కృతం నిజంగా ఎంతవరకు వచ్చు? ఆ ఋగ్వేద గీతాల్లో మన సంగీతం ఉందా, లేక మాటలు మాత్రమే మనవా? పిల్లలకు దేనితో మొదలుపెడితే బాగుంటుంది?

వయొలిన్ మాస్టారు, వరంగల్:

టీచర్ గారికి నమస్కారం. మీ అనుమానం సబబైనదే. హోల్స్ట్ సంస్కృత పండితుడు కాడు, ఆ మాట ఆయన కూడా ఎన్నడూ చెప్పుకోలేదు. అయితే ఆయన పడిన కష్టం పండితుడన్న బిరుదుకంటే విలువైనదని నా అభిప్రాయం.

ఆయన 1874 సెప్టెంబర్ 21న ఇంగ్లండులోని చెల్టెన్‌హామ్‌లో పుట్టాడు. తండ్రి పియానో, ఆర్గన్ వాయిస్తూ పాఠాలు చెప్పుకొని బతికినవాడు. ఎనిమిదేళ్లు నిండకముందే తల్లి పోయింది. 1893లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో చేరి చార్ల్స్ విలియర్స్ స్టాన్‌ఫర్డ్ దగ్గర స్వరరచన నేర్చుకున్నాడు. అక్కడే 1895లో రాల్ఫ్ వాన్ విలియమ్స్ అనే మరో స్వరకర్త పరిచయమయ్యాడు. ఇద్దరూ బతికున్నంతకాలం ఒకరి రాతప్రతి ఒకరు ముందు పెట్టుకొని నిర్మొహమాటంగా తప్పులు దిద్దుకున్నారు. అలాంటి స్నేహితుడు మన సంగీతకారుల్లో ఎంతమందికి దొరుకుతాడో చెప్పలేను.

ఇరవై అయిదేళ్ల వయసు దగ్గర పడుతుండగా భారతీయ సాహిత్యం గురించి చదివి, మూలగ్రంథాలు చూడాలని ఆశపడ్డాడు. తీరా చూస్తే ఒక్క అక్షరమూ చదవలేని స్థితి. మరొకరైతే దొరికిన అనువాదంతో సరిపెట్టుకునేవారు. ఈయన లండన్‌లో తరగతుల్లో చేరి, పాళీ, సంస్కృతాలు తెలిసిన మేబెల్ బోడ్ అనే విదుషి దగ్గర నాగరిలిపి, ప్రాథమిక వ్యాకరణం నేర్చుకున్నాడు. ధారాళంగా చదవగలిగేంత భాష ఆయనకు పట్టుబడలేదు. నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక్కో పదం విప్పుకోవడం, అంతకుముందే ఉన్న ఆంగ్లానువాదాలతో సరిచూసుకోవడం, అర్థం స్థిరపడ్డాక పాడటానికి వీలుగా తన ఇంగ్లీషులో తానే రాసుకోవడం ఆయన పద్ధతి. ఎందుకంత తిప్పలంటే, ఆనాటి అనువాదాల భాష బరువుగా, అలంకారాలతో నిండి ఉండేది. గొంతులో పలికే చిన్న మాటలు ఆయనకు కావాలి. పాట రాసేవాడి అవసరం అది, పండితుడి అవసరం వేరు. భారతదేశానికి మాత్రం ఆయన ఎన్నడూ రాలేదు.

వరుస తెలిస్తే పిల్లలకు చెప్పడం తేలిక. మొదట రామాయణం ఆధారంగా ‘సీత’ అనే మూడంకాల ఆపెరా మీద 1899 నుంచి 1906 దాకా పని చేశాడు. దాని నిండా జర్మన్ స్వరకర్త వాగ్నర్ నీడే. పోటీకి పంపితే బహుమతి రాలేదు. మధ్యలో 1903లో ‘ఇంద్ర’ అనే వాద్యకృతి. తరువాత 1907, 1908ల్లో ఒక గొంతుకూ పియానోకూ కలిపి తొమ్మిది ఋగ్వేద గీతాలు రాశాడు. 1908లోనే ‘సావిత్రి’ వచ్చింది. 1908 నుంచి 1912 దాకా బృందగానం కోసం నాలుగు గుచ్ఛాలుగా మరికొన్ని సూక్తాలు కట్టాడు. మేఘసందేశం మీద రాసిన ‘ది క్లౌడ్ మెసెంజర్’ 1913 మార్చిలో లండన్ క్వీన్స్ హాల్లో మొదటిసారి వినిపించి, ఎవరినీ మెప్పించలేకపోయింది. ఏళ్లతరబడి పడిన శ్రమ ఒక్క సాయంత్రంలో తేలిపోవడం ఆయనను బాగా కుంగదీసింది.

ఇక సంగీతం సంగతి. మాటలు మనవి, పాట ఆయనది. శ్రుతి పెట్టి దాని మీద స్వరం నిలపడం మన పునాది. ఆయన పునాది హార్మొనీ, అంటే ఒకేసారి పలికే వేర్వేరు స్వరాల కలయిక. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, అసలే లేదు. అక్కడక్కడ వచ్చే వింత స్వరవరుస విని మనకు ఏదో మేళకర్త గుర్తుకు రావచ్చు, కానీ రాగం పేరు పెట్టబోతే రెండో ఆవృత్తానికే అది చేజారిపోతుంది. నిజానికి ఆయన మన బాణీని అనుకరించకపోవడమే నాకు నచ్చింది. ఆ రోజుల్లో తూర్పు దేశాల పేరుతో గజ్జెలూ గంటలూ మోగించి, పాము నాట్యమాడినట్టు ఒక స్వరవరుస తిప్పి, ఇదే భారతదేశమని నమ్మించే రచనలకు పాశ్చాత్య వేదికల మీద కొరత లేదు. ఈయన ఆ దారి తొక్కలేదు.

పిల్లలకు మొదట ఏం వినిపించాలంటే, ఆ తొమ్మిదింటిలో ఉన్న కప్పల పాటను సూచిస్తాను. ఏడో మండలంలోని నూట మూడో సూక్తం అది. ఏడాదంతా వ్రతం పట్టిన బ్రాహ్మణుల్లాగా మౌనంగా పడి ఉన్న కప్పలు తొలకరి చినుకు పడగానే గొంతు విప్పుతాయి, ఒకటి పలికితే రెండోది గురువు వెంట శిష్యుడిలా అందుకుంటుంది. మన పిల్లలకు ఇది పరాయి విషయం కాదు. వాన జాడ లేకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి ఆడుతూ ఇంటింటికీ తిరిగితే ఆడవాళ్లు బిందెతో నీళ్లు పోసే ఆచారం మన పల్లెల్లో వాళ్ల తాతమ్మలకు తెలిసినదే. ముందు కప్పతల్లి పాట ఒకటి పిల్లల చేతనే పాడించి, ఆ వెంటనే హోల్స్ట్ పాట వినిపించండి. మీరు వివరించాల్సిన పని సగం తగ్గుతుంది.

ధర్మపురి వాసి:

మాస్టారు గారు చెప్పినదానికి నా వైపు నుంచి ఒక విషయం చేరుస్తాను. మా ఇంట్లో మూడు తరాలుగా వేదపాఠం ఉంది. నేను ఉద్యోగంలో పడి సగంలో ఆపినవాణ్ని, అయినా చెవికి ఆ స్వరం తెలుసు. ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం, ఈ మూడింటి ఎత్తుపల్లాల మీదనే మా పాఠమంతా నడుస్తుంది. అక్షరం హ్రస్వమా దీర్ఘమా అన్నదాన్ని బట్టి కాలం నడుస్తుంది తప్ప తాళం కోసం మాటను సాగదీయడం ఉండదు. హిరణ్యగర్భ సూక్తం హోల్స్ట్ బృందగానాల మొదటి గుచ్ఛంలో ‘అజ్ఞాత దైవానికి’ అనే అర్థం వచ్చే పేరుతో ఉందని తెలిసి, మా నాన్నగారి పక్కన కూర్చుని విన్నాను. పదో మండలంలో నూట ఇరవై ఒకటో సూక్తం అది; ‘కస్మై దేవాయ హవిషా విధేమ’ అని చివరిది తప్ప ప్రతి ఋక్కు చివరా తిరిగి వస్తుంది. సభలో ఆ వక్త చెప్పినట్టు వేదస్వరాలు యథాతథంగా దిగాయా అని మొదటి నుంచి చివరిదాకా చెవి ఒగ్గి విన్నాం. స్వరితం ఆనవాలు కూడా కనబడలేదు. ఆ మాటను ఇక నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు.

అయితే మా నాన్నగారు అన్నమాట వేరు. ఆ ప్రశ్న తిరిగి తిరిగి వచ్చే తీరు హోల్స్ట్ పట్టుకున్నాడనీ, ఎవరికి ఈ హవిస్సు అన్న సందేహం అక్కడ తీరకుండా నిలిచే ఉందనీ అన్నారు. ఏ భాషో తెలియని పాటలో నాన్నగారికి అంత దూరం వినిపించినందుకు నేను కొంచెం సిగ్గుపడ్డాను.

‘సావిత్రి’ విషయంలో మాత్రం నాకు ఒక పేచీ ఉంది. మన అరణ్యపర్వంలో సావిత్రి యముడి వెంట నడుస్తూ, ధర్మం గురించి ఒక్కో మాటా చెప్తూ, ముందు మామగారికి చూపు, రాజ్యం, తండ్రికి కొడుకులు, తనకు నూరుగురు సంతానం అని వరుసగా వరాలు రాబట్టి, చివరికి భర్త ప్రాణం తెచ్చుకుంటుంది. ఆ నడకే కథకు ప్రాణం. హోల్స్ట్ దాన్నంతా తీసేసి ఒకే ఒక్క వరంగా కుదించాడు. సావిత్రి మృత్యువును శత్రువుగా చూడక అతిథిగా ఆహ్వానిస్తుంది. సంతోషించిన మృత్యువు, సత్యవంతుణ్ణి తప్ప ఏదైనా కోరుకొమ్మంటాడు. ఆమె నిండు జీవితం కోరుతుంది. ఇచ్చాక, సత్యవంతుడు లేనిదే నాకు జీవితం ఎక్కడిదని అడుగుతుంది. ముప్పై నిమిషాల ఆపెరాకు అది సరిపోవచ్చు కానీ, తెలుగు టీచరుగా మీరు పిల్లలకు ఈ తేడా తప్పక చెప్పాలి. చివర్లో మృత్యువు కూడా మాయే అన్న మాట వస్తుంది. మన మహాభారత కథకు అద్వైతం కలిపినట్టు అనిపించి మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది.

కాజీపేట ట్రాంబోన్:

టీచర్ గారూ, నేను సంస్కృతం జోలికి వెళ్లను. కాజీపేట రైల్వే కాలనీలో పెరిగి, చర్చి బ్యాండులో ఇరవై రెండేళ్లు ట్రాంబోన్ అనే ఇత్తడి ఊదుడు వాద్యం వాయించినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన హోల్స్ట్ వేరు. మీ అమ్మగారు గూడ్సు బండి అన్నందుకు ముందుగా ఆమెకు నమస్కారం. అంగారకుడి గురించి అంతకంటే సరైన మాట ఇంతవరకు నేను వినలేదు.

ఆయన పియానిస్టు కావాలనుకున్నాడు, తండ్రి కోరికా అదే. కుడిచేతి నరాల జబ్బు ఆ దారి మూసేసింది. చూపు తక్కువ, పైగా ఉబ్బసం. ఊపిరికి మంచిదని చిన్నప్పుడు ట్రాంబోన్ పట్టించారు, చివరికి అదే కూడు పెట్టింది. చదువుకునే రోజుల్లో సెలవులు వస్తే సముద్రతీరపు ఊళ్లలో వియన్నా బ్యాండు అని పేరు పెట్టుకున్న ఒక బృందంలో వాయించేవాడు. వాద్యగాళ్లంతా ఇంగ్లండువాళ్లే అయినా, విదేశీయులైతేనే గొప్ప సంగీతమని జనం అనుకుంటారు కాబట్టి వచ్చీరాని యాసలో మాట్లాడమని వాళ్లకు ఆజ్ఞ. పెళ్లిళ్ల సీజన్లో బొంబాయి బ్యాండు అని బోర్డు కట్టుకొని తిరిగిన మా ఊరి మేళగాళ్లు గుర్తుకొచ్చి ఎంత నవ్వానో చెప్పలేను. తరువాత కొన్నేళ్లు కార్ల్ రోసా ఆపెరా కంపెనీలో, స్కాటిష్ ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాయించాడు. ఆర్కెస్ట్రాలో ట్రాంబోన్ వాడికి వాయించే పని తక్కువ, లెక్కపెడుతూ కూర్చునే పని ఎక్కువ. ఆ కూర్చున్న గంటల్లో చుట్టూ ఉన్న వాద్యాల గుట్టు లోపలినుంచి విన్నాడు. ఆయన వాద్యాలకు రాసిన పద్ధతిలో పుస్తకపు వాసన లేకపోవడానికి కారణం అదేనని నేను గట్టిగా నమ్ముతాను.

అంగారకుణ్ణి పిల్లలకు ఇలా చెప్పండి. చేతి మీద ఐదు అక్షరాలు, అంటే ఐదు తాళపు లెక్కలు, ఎంచమనండి. మొదటి అక్షరంలో మూడు చిన్న దెబ్బలు, రెండుకూ మూడుకూ ఒక్కొక్కటి, నాలుగులో రెండు, ఐదుకు ఒకటి. నోటితో అంటే ‘తకిట, తోం, తోం, తక, తోం’. ఇదే మళ్లీ మళ్లీ, వదలకుండా. వయొలిన్ వాళ్లు కమాను వెంట్రుకలతో కాక దాని కర్రతో తీగలను కొడతారు కనుక మొదట్లో ఆ చప్పుడు పొడిగా, ఎముకలు తగిలినట్టు ఉంటుంది. నాలుగుకు అలవాటుపడిన కాలు ఐదులో నడవలేదు. సైన్యం కవాతు చేసే లయ కాదది, మనుషులను లెక్కచేయని యంత్రం లయ. మొదటి ప్రపంచ యుద్ధం చూసి రాశాడని చాలామంది అనుకుంటారు కానీ, 1914 ఆగస్టులో ఇంగ్లండు యుద్ధంలోకి దిగేనాటికే ఈ భాగానికి రూపం వచ్చేసింది.

నవగ్రహాల సంగతి కూడా చెప్తాను. 1913లో, మేఘసందేశం దెబ్బతిన్న తరువాత, స్నేహితులతో కలిసి స్పెయిన్‌కు చెందిన మజోర్కా దీవికి వెళ్లినప్పుడు క్లిఫర్డ్ బాక్స్ అనే రచయిత ఆయనకు జ్యోతిషం రుచి చూపించాడు. అది పాశ్చాత్య జ్యోతిషం. తరువాత సరదాగా స్నేహితుల జాతకాలు కూడా వేసేవాడు. ఆయన రాసినవి ఏడు: అంగారకుడు, శుక్రుడు, బుధుడు, గురువు, శని, యురేనస్, నెప్ట్యూన్. సూర్యచంద్రులు లేరు, రాహుకేతువులు లేరు, మనకు లేని రెండు ఉన్నాయి. ఇవి నవగ్రహాలు ఎలా అవుతాయి? ఒక్కో గ్రహానికి ఒక స్వభావం ఇచ్చాడు, యుద్ధం తెచ్చేది, శాంతి తెచ్చేది, ముసలితనం తెచ్చేది అని. పూజ లేదు, గ్రహశాంతి లేదు, స్తోత్రం లేదు. ఆయనకు అన్నింటిలోకీ ఇష్టమైనది శని భాగమట. ఏలినాటి శనితో వేగిపోయిన మావాళ్లకు ఈ మాట చెప్తే నమ్మరు.

మీ బడిలో బ్యాండు ఉంటే ఆయన 1909లో మిలిటరీ బ్యాండు కోసం రాసిన మొదటి సూట్ (కొన్ని చిన్న భాగాలు వరుసగా కూర్చిన రచన) కూడా వినిపించండి. అది యూఫోనియం, ట్యూబా అనే మంద్రంగా పలికే ఇత్తడి వాద్యాలతో మొదలవుతుంది. ఎనిమిది ఆవృత్తాల చిన్న స్వరవరుస, అదే పదేపదే వస్తూ ప్రతిసారీ కొత్త బట్ట కట్టుకుంటుంది. అంతకుముందు మిలిటరీ బ్యాండుకు చాలామట్టుకు ఆర్కెస్ట్రా వాళ్ల పాటలు దించి ఇచ్చినవే దిక్కు. మా కోసమే ఒక పెద్ద స్వరకర్త కూర్చుని రాశాడన్న గౌరవం ఊదేవాళ్లకే తెలుస్తుంది.

హనుమకొండ తెలుగు టీచర్:

ముగ్గురికీ కృతజ్ఞతలు. కాజీపేట అన్న చెప్పిన ‘తకిట, తోం, తోం, తక, తోం’ నిన్న రాత్రి బల్ల మీద కొట్టి చూశాను. మేం నేర్చుకున్న ఖండజాతి ఏకతాళంలో మొదటి అక్షరాన్ని తిస్రం చేస్తే, అంటే మూడుగా విడగొడితే, సరిగ్గా వచ్చింది. నాకు తెలిసినదేదీ అందులో లేదని మొదట రాసినందుకు ఇప్పుడు నవ్వొస్తోంది, స్వరం కాకపోయినా లెక్క తెలిసినదే. నవగ్రహాల మాటకొస్తే, దీక్షితార్ వారి గ్రహకృతుల్లో ‘అంగారకమాశ్రయామ్యహం’ సురటి రాగంలో ఎంత నెమ్మదిగా, అభయం అడుగుతున్నట్టు ఉంటుంది! అదీ ఇదీ పక్కపక్కన వినిపిస్తే పిల్లలకు ఆయన భక్తితో రాయలేదన్న సంగతి నేను చెప్పకుండానే తెలుస్తుంది. ధర్మపురి వారు చెప్పిన తేడా కూడా తప్పక చెప్తాను. అరణ్యపర్వం నేను వదిలిపెట్టే ప్రసక్తే లేదు.

ఇంకొక్క ప్రశ్న. ఈయన బడిపంతులు అని ఎక్కడో చదివాను. పూర్తికాలం ఉద్యోగం చేస్తూ ఇంత పని ఎలా సాధ్యమైంది? స్వార్థంతోనే అడుగుతున్నాను, నాకు ఆదివారం మధ్యాహ్నం తప్ప ఖాళీ దొరకదు.

వయొలిన్ మాస్టారు, వరంగల్:

ఆయనకూ ఆదివారమే దొరికింది, టీచర్ గారూ. 1905లో లండన్ హామర్‌స్మిత్‌లోని సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో సంగీతం చెప్పడానికి చేరి, 1934లో పోయేదాకా ఆ ఉద్యోగం వదల్లేదు. దానికి తోడు డల్విచ్‌లో మరో బాలికల పాఠశాల, 1907 నుంచి మోర్లీ కాలేజ్‌లో పగలంతా పని చేసుకొని సాయంత్రం వచ్చే పెద్దవాళ్లకు తరగతులు. సొంత రచనకు మిగిలినవి వారాంతాలు, వేసవి సెలవులు. ‘ది ప్లానెట్స్’కు రెండేళ్లకు పైగా పట్టడానికి కారణం ప్రేరణ రాకపోవడం కాదు, పాఠాలు. 1913లో ఆ బాలికల పాఠశాలలో సంగీతానికని కొత్త భాగం కట్టి, ఆయనకు చప్పుడు చొరబడని ఒక గది ఇచ్చారు. దానికి కృతజ్ఞతగా బడిపిల్లల తీగవాద్య బృందం కోసం ‘సెయింట్ పాల్స్ సూట్’ రాసిచ్చాడు. ఆదివారాల్లో, బడి ఖాళీగా ఉన్నప్పుడు ఆ గదిలో కూర్చునేవాడు.

చేతి జబ్బు ఎక్కువై కలం పట్టడం కష్టమయ్యేసరికి, ‘ది ప్లానెట్స్’ను మొదట రెండు పియానోలకు రాసుకొని, ఏ స్వరం ఏ వాద్యానికి వెళ్లాలో గుర్తులు పెట్టి చెప్తుంటే, వాలీ లాస్కర్, నోరా డే అనే సహోద్యోగులు, జేన్ జోసెఫ్ అనే శిష్యురాలు పెద్ద స్కోరు, అంటే అన్ని వాద్యాల స్వరాలూ ఉన్న ప్రతి, ఎత్తి రాశారు. ఇంత పెద్ద ఆర్కెస్ట్రా రచన వెనుక బడిలో పనిచేసే ఆడవాళ్ల చేతిరాత ఉందని మీ తొమ్మిదో తరగతి అమ్మాయిలకు తప్పకుండా చెప్పండి. బృందగానాల్లో స్త్రీల గొంతులకు ఆయన అంత చక్కగా రాయడానికీ మూలం అక్కడే ఉంది. రోజూ ఎదురుగా కూర్చునేది అమ్మాయిలే. ఋగ్వేద బృందగీతాల మూడో గుచ్ఛం స్త్రీల గొంతులకూ హార్ప్ అనే తీగవాద్యానికీ రాసినది. ఉషస్సు మీద, జలాల మీద, వేనుడి మీద, బాటసారుల మీద నాలుగు పాటలు, అన్నీ కలిపి పావుగంట లోపే. బతుకమ్మ చుట్టూ అందరూ ఒకే వరుసను కలిసి పాడటం మీ పిల్లలకు తెలుసు. ఇక్కడ గొంతులు విడిపోయి, వేర్వేరు స్వరాల్లో నడిచి, మళ్లీ ఒకచోట కలుస్తాయి. హార్మొనీ అంటే ఏమిటో చెప్పడానికి నేను ఏళ్లుగా వాడుతున్న ఉదాహరణ ఇదే.

‘సావిత్రి’ మొత్తం వినిపించే వ్యవధి లేదు కాబట్టి మొదటి మూడు నిమిషాలు చాలు. ఒక్క వాద్యమూ ఉండదు. తెర వెనుకనుంచి మృత్యువు సావిత్రిని పేరుపెట్టి పిలుస్తాడు, ఆమె జవాబిస్తుంది. రెండు గొంతులు రెండు వేర్వేరు శ్రుతుల్లో ఉన్నట్టు నడుస్తాయి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, కలవవు. ధర్మపురి వారి పేచీ న్యాయమైనదే కానీ, ఆ నడకను హోల్స్ట్ పూర్తిగా వదిలేశాడని నేను అనను. మాటల్లో తీసేసినదాన్ని ఈ మొదటి నిమిషాల్లో గొంతుల్లో పెట్టాడని నాకు అనిపిస్తుంది: ఆయన ముందు, ఆమె వెనుక. మొత్తం ఆపెరాకు ముగ్గురు గాయకులు, కనబడని స్త్రీల బృందం, పన్నెండు మంది వాద్యకారులు చాలు. ఆరుబయట గాని, చిన్న హాల్లో గాని ఆడమని ఆయన రాసిపెట్టాడు. 1908లో రాసినది 1916 డిసెంబర్ దాకా వేదిక ఎక్కలేదు. వేయిస్తంభాల గుడి ముందు మంచి వెన్నెల రాత్రి ఎవరైనా ఆడితే చూడాలని నాకో కోరిక ఉంది. తీరేది కాదులెండి.

ధర్మపురి వాసి:

మాస్టారు గారి మాట ఒప్పుకుంటున్నాను. ఆ మొదటి భాగం ఇప్పుడే మళ్లీ విన్నాను. ‘ఆయన ముందు, ఆమె వెనుక’ అన్నది నాకు తట్టలేదు. ఒక్క వరం మీద పేచీ మాత్రం అలాగే ఉంది.

కాజీపేట ట్రాంబోన్:

ఒక ముచ్చట మరిచాను. ‘ది ప్లానెట్స్’ మొదటిసారి వినిపించింది 1918 సెప్టెంబర్ 29న, ఆదివారం ఉదయం, క్వీన్స్ హాల్లో, పిలిచినవాళ్లకు మాత్రమే. బాల్ఫర్ గార్డినర్ అనే స్నేహితుడు హాలును, ఆర్కెస్ట్రాను తన ఖర్చుతో కానుకగా ఇచ్చాడు. ఆర్కెస్ట్రాను నడిపించిన కండక్టర్ ఏడ్రియన్ బోల్ట్, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లవాడు. సాధనకు దొరికింది రెండు గంటలకంటే తక్కువ. గురువు భాగం వాయిస్తుంటే వరండాలో నేల కడుగుతున్న ఆడవాళ్లు బ్రష్‌లు పక్కన పెట్టి చిందులు వేశారని హోల్స్ట్ కూతురు ఇమోజెన్ రాసింది. ఆయన ఆరోగ్యం చూసి సైన్యంలోకి తీసుకోలేదు కానీ, ఆ తరువాత కొన్ని వారాలకే సైనికులకు సంగీతం నేర్పడానికి గ్రీసులోని సలోనికాకు బయల్దేరాడు. అంతకుముందు తన పేరులో జర్మన్‌లా వినిపించే ‘ఫాన్’ తీసేసుకోవాల్సి వచ్చింది. ఆ ఉదయం ఆయనకు వీడ్కోలు లాంటిది.

హనుమకొండ తెలుగు టీచర్:

అయితే నా పీరియడ్ ఇలా అనుకుంటున్నాను. కప్పతల్లి పాట, కప్పల సూక్తం, ‘సావిత్రి’ మొదటి మూడు నిమిషాలు, బల్ల మీద ఐదు అక్షరాలు కొట్టించి అంగారకుడు, చివరికి నెప్ట్యూన్. మధ్యలో ఆ ముగ్గురు ఆడవాళ్ల చేతిరాత గురించి చెప్తాను. మా బడిలో ఉన్నది ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్, యాభై ఆరుగురు పిల్లలు. సరిపోతుందంటారా?

వయొలిన్ మాస్టారు, వరంగల్:

అంగారకుడికి సరిపోతుంది. నెప్ట్యూన్‌తోనే జాగ్రత్త పడాలి. దాని చివర కనబడని స్త్రీల బృందం మాటలు లేకుండా పాడుతుంది. వాళ్లను పక్క గదిలో ఉంచి, ఆఖరి ఆవృత్తాన్ని పదేపదే పాడిస్తూ, మధ్యలో తలుపును మెల్లగా, చప్పుడు లేకుండా మూయమని, పాట దూరంలో కలిసిపోయేదాకా అలా సాగనివ్వమని స్కోరులో రాశాడు. ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియకూడదు. రికార్డింగ్‌లో ఆ భాగం చాలా చిన్నగా ఉంటుంది. అందుకని పాట మొదలుపెట్టకముందే పిల్లలందరినీ స్పీకర్ దగ్గరికి పిలిచి నేల మీద కూర్చోబెట్టండి, కిటికీలు వేయించండి, ముఖ్యంగా తరగతిలో ఫ్యాన్లు ఆపించండి. ఉక్కపోసినా ఏడు నిమిషాలే కదా.